ఫాంటసీ బాస్కెట్‌బాల్: మూడేళ్ల ఒప్పందానికి న్యాయమైన ధర ఎలా కట్టాలి?

కార్నర్‌త్రీ (ప్రశ్న):
మా ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫాంటసీ లీగ్‌లో, అంటే అసలు ఆటగాళ్లతో ఊహాజట్లు కట్టి వాళ్ల గణాంకాలతో పోటీపడే ఆటలో, 12 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టుకు 13 మంది ఆటగాళ్లు, ఏటా 200 డాలర్ల వేలం బడ్జెట్. పోటీ పాయింట్లు, రీబౌండ్ల వంటి తొమ్మిది విభాగాల్లో జరుగుతుంది. వేలంలో కొన్న ఆటగాడిని అదే ధరకు మూడేళ్ల వరకు ఒప్పందంలో ఉంచుకోవచ్చు గాని, మధ్యలో వదులుకుంటే మిగిలిన మొత్తంలో సగం మన బడ్జెట్‌లోంచి కోత పడుతుంది. ఎన్‌బీఏ తార విక్టర్ వెంబన్యామాను ఏటా 70 డాలర్లకు మూడేళ్లపాటు తీసుకోవడం సబబేనా? ఆటగాళ్ల అసలు జీతాలను బట్టి ధర కట్టాలని మా లీగ్‌లో కొందరు వాదిస్తున్నారు.

రీబౌండు రాజు:
అసలు జీతాలను పక్కన పెట్టండి, అవి ఆట విలువను చెప్పవు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లో వచ్చిన ఆటగాడి జీతాన్ని అక్కడ అతని స్థానం నిర్ణయిస్తుంది. అగ్రశ్రేణి ఆటగాడి జీతానికి లీగ్ నిబంధనలే గరిష్ఠ పరిమితి పెడతాయి. న్యూయార్క్ నిక్స్ ఆటగాడు జేలెన్ బ్రన్సన్ 2024లో, మరో ఏడాది ఆగితే చాలా ఎక్కువ వచ్చే వీలున్నా, నాలుగేళ్లకు 156.5 మిలియన్ డాలర్లకే ఒప్పుకున్నాడు.

మీ లీగ్‌లో 156 మంది అమ్ముడవుతారు. 157వ వాడు ఉచితంగా దొరుకుతాడు కాబట్టి అతడే మీ కొలమానం. మొత్తం 2,400 డాలర్లలో తలకు ఒక డాలరు చొప్పున తీసేస్తే మిగిలే 2,244 డాలర్లను, ఆ 157వ వాడికంటే ఎవరి గణాంకాలు ఎంత ఎక్కువన్న నిష్పత్తిలో పంచాలి. ఆ అదనపు విలువ మొత్తంలో మూడు శాతం ఒక్కడే తెస్తే అతని ధర, ఆ ఒక డాలరుతో కలిపి, దాదాపు 68 డాలర్లు.

వైజాగ్ డంక్:
రాజు గారి లెక్క అందరూ ఖాళీ జట్లతో మొదలుపెట్టే వేలానికి సరిపోతుంది. మీ లీగ్‌లో 900 డాలర్ల విలువైన ఆటగాళ్లు 600 డాలర్ల ఒప్పందాల్లో ఇప్పటికే ఉన్నారనుకుందాం. అప్పుడు 1,800 డాలర్ల సొమ్ము 1,500 డాలర్ల సరుకు వెంట పడుతుంది, ధరలన్నీ 1.2 రెట్లవుతాయి, మీ 68 కాస్తా 82 అవుతుంది. సన్‌రైజర్స్ 2025 ఐపీఎల్‌కు ముందు ఐదుగురిని 75 కోట్లకు అట్టిపెట్టుకుని 45 కోట్లతో వేలానికి వెళ్లడం చూసినవారికి ఇది కొత్తేమీ కాదు. ఈ లెక్కన 70 చవకే.

బెంచిమీద వాడు:
మొదటి ఏటికి చవకే కావచ్చు గాని, ఆ 1.2 రెట్లు మూడో ఏడు కూడా ఉంటాయని ఎవరు చెప్పగలరు? వెంబన్యామా 2024-25లో మ్యాచ్‌కు సగటున 3.8 బ్లాకులు (ప్రత్యర్థి షాట్లను అడ్డుకోవడం) చేశాడు. అంత బలం మరెవరూ ఇవ్వలేరు. అయితే భుజంలో రక్తం గడ్డకట్టడంతో ఆ సీజన్‌లో ఆడింది 46 మ్యాచ్‌లే. అతడు లేని రోజున ఉచిత ఆటగాణ్ని దింపుతారు కాబట్టి నష్టం అదనపు విలువకే పరిమితం: సీజన్‌లోని 82 మ్యాచ్‌లలో 60 ఆడతాడని ఊహిస్తే, 68లో ఒక డాలరు పోగా మిగిలే 67 డాలర్ల అదనం 49కి తగ్గి, ధర 50 దగ్గర నిలుస్తుంది. మొదటి ఏడాది తర్వాత వదులుకుంటే మిగిలిన 140లో సగం, అంటే 70 డాలర్ల కోత. 1.2 రెట్లు వేసినా ధర 60 దాటదు. నేనైతే ఆ 60కే, రెండేళ్లకే ఆగుతాను.

కార్నర్‌త్రీ:
ఒక విషయం చెప్పలేదు: నా జట్టు ఫ్రీత్రోల (ఫౌల్ జరిగితే దక్కే ఉచిత షాట్లు) విభాగాన్ని వదిలేసింది, అంటే అందులో ఓడినా పట్టించుకోకుండా మిగతా ఎనిమిదిలోనే గెలవాలని చూస్తోంది. దానివల్ల లెక్క మారుతుందా?

రీబౌండు రాజు:
బాగా మారుతుంది. వెంబన్యామా 2024-25లో 80 శాతానికి పైగా ఫ్రీత్రోలు వేశాడు. ఆ లాభం మీకు అక్కరకు రాదు. అదే సీజన్‌లో సుమారు 62 శాతమే వేసిన మరో అగ్రశ్రేణి ఆటగాడు యానిస్ ఆంటెటోకూంపో అందరి పట్టికల్లోనూ ఆ ఒక్క విభాగం వల్ల కిందికి జారతాడు, మీ పట్టికలో మాత్రం పైకి లేస్తాడు. ఎనిమిది విభాగాలతో పట్టిక మళ్లీ వేసుకోండి. ఆ తర్వాత కూడా 70కి వెళ్లాలనిపిస్తే ఒక్క ఏడాదికే వెళ్లండి.