నిసూర్ స్క్వేర్ దోషులకు క్షమాభిక్ష: యుద్ధంలో ప్రైవేటు కంపెనీలకు చోటుండాలా?

మాజీ_హవల్దార్:
ఇరాక్ యుద్ధం నడుస్తుండగా, 2007 సెప్టెంబర్ 16న బాగ్దాద్‌లోని నిసూర్ స్క్వేర్‌లో, అమెరికా విదేశాంగ శాఖకు కాపలా కాసే బ్లాక్‌వాటర్ కంపెనీ గార్డులు ట్రాఫిక్‌లో ఆగి ఉన్న జనం మీద కాల్పులు జరిపారు. 17 మంది చనిపోయారు. అందులో తొమ్మిదేళ్ల పిల్లాడు ఉన్నాడు. 2014లో అమెరికా కోర్టు నలుగురిని దోషులుగా తేల్చింది. 2020 డిసెంబర్‌లో ట్రంప్ ఆ నలుగురికీ క్షమాభిక్ష పెట్టాడు.

సైన్యంలో చేసి వచ్చినవాణ్ని. మా దగ్గర ఒక్క తూటా లెక్క తప్పినా సంజాయిషీ చెప్పుకోవాలి. కంపెనీ మనిషి ఎవరికి చెప్పుకుంటాడు? ఇలాంటి కంపెనీలను యుద్ధభూమిలో అడుగు పెట్టనివ్వకూడదని నా అభిప్రాయం.

గోదారి_శ్రీను:
సార్, ఆ 17 మందిలో 14 మందిని అన్యాయంగా చంపారని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ తేల్చింది. మిగతా ముగ్గురి విషయంలో ప్రాణభయంతో కాల్చి ఉండొచ్చని చెప్పింది. ఆ సంగతి కూడా రాయాల్సింది.

మాజీ_హవల్దార్:
చనిపోయింది 17 మంది. నేను రాసింది అదే.

గోదారి_శ్రీను:
17 మందినీ హత్య చేశారన్నట్టు రాశారు. 17కూ 14కూ తేడా ఉంది. ఇంకో మాట. యూనిఫాం ఉంటే శిక్ష పడుతుందంటున్నారు కదా, 2005లో ఇరాక్‌లోని హదితా ఊళ్లో 24 మంది మామూలు జనాన్ని చంపింది అమెరికా మెరైన్ సైనికులే, కంపెనీ వాళ్లు కాదు. ఒక్కరూ జైలుకు పోలేదు. బ్లాక్‌వాటర్ వాళ్లు కనీసం కొన్నేళ్లు జైల్లో ఉన్నారు.

వెంకట్_నెల్లూరు:
శ్రీను గారి పాయింట్ ఆలోచించాల్సిందే.

లావణ్య_ఎల్‌ఎల్‌బీ:
హదితాలో కోర్టు మార్షల్, అంటే సైనిక కోర్టు విచారణ, సరిగ్గా పని చేయలేదు. కంపెనీ వాళ్ల విషయంలో ఏ చట్టం కింద విచారించాలో కూడా తేలలేదు. బాగ్దాద్‌లోని అమెరికా పాలకులు జారీ చేసిన 17వ నంబరు ఉత్తర్వు కాంట్రాక్టర్లను ఇరాక్ చట్టం నుంచి తప్పించింది. కాబట్టి ఇరాక్ కోర్టు ముట్టుకోలేదు. అమెరికాలో పెట్టిన మొదటి కేసును 2009 డిసెంబర్ 31న జడ్జి కొట్టేశాడు. విదేశాంగ శాఖ గార్డుల నుంచి ఒత్తిడి చేసి తీసుకున్న వాంగ్మూలాలను ప్రాసిక్యూటర్లు వాడుకున్నారన్నది కారణం. అప్పీలులో మళ్లీ బతికించుకుంటే, కాల్పులు జరిగిన ఏడేళ్లకు గానీ దోషులని తేలలేదు.

గోదారి_శ్రీను:
ఎంత లేటైనా శిక్ష పడిందా లేదా?

మాజీ_హవల్దార్:
పడింది, తీసేశారు! ఇంకేం మిగిలింది?

జగిత్యాల_రాజన్న:
పొద్దుటి నుంచి చదువుతున్నాను. మీరంతా తుపాకీ పట్టినవాళ్ల దగ్గరే ఆగిపోయారు. 2008 నాటికి ఇరాక్‌లో అమెరికా కోసం పనిచేసే కాంట్రాక్టు మనుషులు లక్షన్నర దాటారు. అందులో తుపాకీ ఉన్నవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు వండినవాళ్లు, బట్టలుతికినవాళ్లు, లారీలు తోలినవాళ్లు. అందులో మనవాళ్లు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ వాళ్లు ఎంతమందో.

మా బావ అందులో ఒకడు. కువైట్ హోటల్లో వంటపని అని ఏజెంటు అప్పు చేయించి పంపాడు. దిగంగనే పాస్‌పోర్టు తీసుకున్నారు. కొన్నాళ్లు ఒక షెడ్డులో ఉంచి, ఒక రాత్రి బస్సెక్కించారు. దిగింది ఇరాక్‌లోని క్యాంపులో. సైరన్ మోగితే సిపాయిలు హెల్మెట్లు, జాకెట్లు వేసుకొని బంకర్లోకి పోయేవాళ్లట. మెస్‌లో వాళ్లకు జాకెట్లు లేవు, పిండి బస్తాల వెనక బోర్లా పడుకునేవాళ్లు. ఒకసారి మోర్టార్ పడి మోకాలికి ఇనుప ముక్క దిగింది. కట్టుకట్టి, టికెట్ చేతిలో పెట్టి పంపించారు. ఇప్పటికీ మెట్లెక్కాలంటే కాలిని చేత్తో లేపుకోవాలి. ఒక్క రూపాయి రాలేదు. ఆయన గురించి చెప్పండి.

లావణ్య_ఎల్‌ఎల్‌బీ:
రాజన్న గారూ, పరిహారం రావాల్సిందే. అమెరికాలో 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ ఉంది. వాళ్ల ప్రభుత్వ కాంట్రాక్టు కింద బయటి దేశంలో పనిచేసే వాళ్లకు కంపెనీ ఇన్సూరెన్స్ కట్టాలి, ఏ దేశం వాళ్లయినా సరే. సాధారణంగా ఏడాదిలోపు క్లెయిము వేయాలి.

జగిత్యాల_రాజన్న:
ఎవరి మీద వేయాలమ్మా? జీతం చీటీ మీద కువైట్ కంపెనీ పేరు. దానికి పని ఇచ్చింది ఇంకో కంపెనీ. దాని పైన అమెరికా కంపెనీ. ఇన్సూరెన్స్ ఉందన్న మాటే ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయాక ఏడాది గడువు పెట్టి ఏం లాభం?

మాజీ_హవల్దార్:
మీ బావగారి కష్టం విని బాధేసింది. నేను నిషేధించాలనేది కూడా అందుకే. ఆ యుద్ధానికి వంట చేసినా, కాపలా కాసినా యుద్ధం నడవడానికి సాయపడ్డట్టే కదా. అలాంటి డబ్బుకు వెళ్లకూడదు.

జగిత్యాల_రాజన్న:
ఏమన్నారు? అలాంటి డబ్బా? మా అక్క పుస్తెలు కుదువ పెట్టి పంపించింది. మీకు నెలనెలా పెన్షన్ పడుతుంది, క్యాంటీన్ కార్డు ఉంది. ఆయన ఏ దేశం మీద యుద్ధానికి పోయిండు? నిషేధం, నిషేధం అంటున్నారు. 2004లో లారీ డ్రైవర్లను కిడ్నాప్ చేశాక మన ప్రభుత్వం ఇరాక్‌కు పోవద్దని ఆపింది. పోవడం ఆగిందా? దొంగదారి పట్టింది. దొంగదారిన పోయినవాడు సచ్చినా ఎంబసీకి చెప్పుకోలేడు.

గోదారి_శ్రీను:
హవల్దార్ గారూ, మీరు వెనక్కి తీసుకోవాల్సిన మాట అది.

మాజీ_హవల్దార్:
రాజన్న గారిని కించపరచాలని అనలేదు. కానీ నా మాట మారదు. సిపాయి చనిపోతే జెండా కప్పిన పెట్టె ఊరికొస్తుంది, ఊరంతా చూస్తుంది, పార్లమెంటులో అడుగుతారు. వంటవాడు చనిపోతే ఆ లెక్క అమెరికాలో ఎవరికీ కనబడదు. ఆ లెక్క కనబడకపోవడం వల్లే వాళ్లు అన్నేళ్లు యుద్ధం నడపగలిగారు. మీరు అడుగుతున్నట్టు జీతం, ఇన్సూరెన్స్, జాకెట్ అన్నీ సరిగ్గా ఇచ్చారనుకోండి. అప్పుడు ఇంకా దర్జాగా పేదదేశాల పిల్లల్ని పెట్టుకొని యుద్ధాలు చేస్తారు. 2023-24లో సహాయకుల ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను రష్యాకు తీసుకుపోయి ఉక్రెయిన్ ఫ్రంట్‌కు పంపలేదా? హైదరాబాద్ కుర్రాడు ఒకడు అక్కడే పోయాడు.

జగిత్యాల_రాజన్న:
ఇదీ అసలు సంగతి. మా బావకు జాకెట్ ఇస్తే యుద్ధం పెరుగుతుందని మీ భయం. మీ లెక్కలో ఆయనకు ఎంత కష్టమైతే యుద్ధం అంత ఆగుతుంది. అట్లయితే ఆయన మోకాలు ఎవరి కోసం పోవాలి?

లావణ్య_ఎల్‌ఎల్‌బీ:
ఇద్దరూ చెప్పినదానికి 2004 ఆగస్టు నాటి సంగతి చూడండి. జోర్డాన్‌లో ఉద్యోగమని నమ్మించి ఇరాక్‌కు తరలిస్తుండగా 12 మంది నేపాలీలను కిడ్నాప్ చేసి చంపారు. ఆ కుటుంబాలకు డిఫెన్స్ బేస్ యాక్ట్ కింద పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. అమెరికా పెద్ద కంపెనీ మీద వేసిన మానవ రవాణా దావా మాత్రం, ఇదంతా అమెరికా బయట జరిగిందన్న కారణంతో 2017లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. డబ్బు కొంతైనా కదిలింది, బాధ్యత మాత్రం పైదాకా వెళ్లలేదు. 2006లో అమెరికా సైన్యమే కార్మికుల పాస్‌పోర్టులు తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టర్లకు ఉత్తర్వు వేసింది. అంటే అప్పటిదాకా ఏం జరుగుతోందో వాళ్లకు తెలుసు.

రాజన్న గారూ, జీతం చీటీ, ఆస్పత్రి కాగితం, విమానం టికెట్ ఏది ఉన్నా ఫొటో తీసి నాకు పంపండి. కంపెనీ అసలు గాయాన్ని రిపోర్టు చేసిందో లేదో ముందు చూడాలి. చేయకపోతే గడువు మీద వాదించడానికి వీలుంటుంది.

గోదారి_శ్రీను:
కువైట్ వైపు ఆ సబ్ కాంట్రాక్టు కంపెనీ ఇంకా నడుస్తోందేమో నేను కనుక్కుంటాను. పేరు ఇక్కడ పెట్టకండి, మెసేజ్ చేయండి.

మాజీ_హవల్దార్:
కేసు వేయండి, నా వంతు ఖర్చు నేను పంపిస్తాను. నిషేధం మీద నా మాట మాత్రం అదే.

జగిత్యాల_రాజన్న:
కాగితాలు రాత్రికి పంపిస్తానమ్మా. హవల్దార్ గారూ, ఖర్చు సంగతి తర్వాత. జాకెట్ ఇవ్వాలా వద్దా అన్నదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.