కారు వెనక రెండు బైకుల ట్రైలర్: బరువు ఎక్కడ పడాలి, హుక్కు ఏది వాడాలి, లైట్లు ఎలా కలపాలి?

ఉప్పల్_టూరర్

అందరికీ నమస్కారం. ఉప్పల్ నుంచి శ్రీశైలం వైపు రెండు బైకుల్ని ట్రైలర్ మీద తీసుకెళ్లాలి. బండి లాడర్ ఫ్రేమ్ డీజిల్ ఎస్‌యూవీ, మాన్యువల్ గేర్లు, కెర్బ్ బరువు (ఖాళీ బండి బరువు) 1,900 కిలోలు. ఓనర్ మాన్యువల్‌లో బ్రేకులు లేని ట్రైలర్ 750 కిలోల దాకా లాగొచ్చని ఉంది. ట్రైలర్‌కి ఒకటే యాక్సిల్, సొంత బ్రేకులు లేవు, ఖాళీగా 180 కిలోలు. బైకులు ఒక్కోటి 195, పనిముట్లూ బెల్టులూ కలిపి ఇంకో 30. మొత్తం 600. పరిమితి లోపలే ఉన్నాం కదా, ఇక చూడాల్సింది హుక్కూ లైట్లేనా?

బాలానగర్_ఫ్యాబ్

అన్నా, మాన్యువల్ చూసినవ్, మంచి పని. మస్తు మంది అది చూడకుండనే వెల్డింగ్ షాపుకు వస్తరు. చిన్న కార్ల మాన్యువల్ల ట్రైలర్ లాగొద్దనే రాసి ఉంటది. రాసి ఉంటే ఆడికే ఆపాలె. బంపర్ల మర బిగించే టోయింగ్ హుక్కు ఉంటది చూడు, అది ఆగిపోయిన బండిని గుంజనీకి. దానికి ట్రైలర్ తగిలియ్యద్దు. మీది నుంచి పడే బరువు మోసేటట్టు అది చెయ్యలే.

టో బార్, అంటే ట్రైలర్ గుంజనీకి కారు వెనక బిగించే ఇనుప బార్, ఛాసిస్‌కి రెండు దిక్కులా బోల్టులతోని పట్టాలె. బంపర్ రేకుకు కాదు, స్టెప్నీ క్రాస్ మెంబర్‌కు వెల్డింగ్ కాదు. ఛాసిస్ మీద వెల్డింగ్ పెడితే ఆ పక్క ఇనుము గుణం మారి, కొన్నాళ్లకు అతుకు పక్కనే పగులుతది. బోల్టు తల మీద 8.8 అని రాసి ఉండాలె. ఏం రాయని బోల్టు వాడొద్దు.

ఇగ బాల్, అంటే టో బార్ చివర ఉండే ఉక్కు గుండు. రెండు కొలతలు తిరుగుతయి: 50 మిల్లీమీటర్లది, రెండు అంగుళాలది. రెండు అంగుళాలంటే 50.8. కంటికి రెండూ ఒక్క తీరే కనబడతయి. ఆ గుండును పట్టే ట్రైలర్ ముక్కును కప్లర్ అంటరు; దాని మీద ఏ కొలత ఉందో అదే బాల్ పెట్టాలె. అంతకన్న చిన్న బాల్ మీద పెద్ద కప్లర్ లాక్ పడ్డట్టే ఉంటది, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరినప్పుడు ఊడుతది. పాత బాల్ అయితే వెర్నియర్‌తోని నాలుగు దిక్కుల కొలువు. 50 బాల్ ఎక్కడన్నా అరిగి 49కి వస్తే మార్చెయ్.

తగిలించినంక ఒక పరీక్ష ఉంది. లాక్ వెయ్, జాకీ వీల్ (ట్రైలర్ ముక్కు కింద ఉండే చిన్న చక్రం) హ్యాండిల్ తిప్పి ట్రైలర్ ముక్కు పైకి లేపు. బాల్‌తో పాటు కారు వెనకభాగం రెండు మూడు సెంటీమీటర్లు లేస్తే కప్లర్ పట్టినట్టు. కారు లేవకుండ కప్లర్ ఒక్కటే పైకి వస్తే లాక్ పడలే. లాక్ పడ్డట్టు చప్పుడు వినబడ్డా నమ్మొద్దు, లేపి చూడు.

కాటా_లెక్క

ఉప్పల్_టూరర్ గారూ, 600 అనేది సగం లెక్కే. ఆ 600లో ఎంత బాల్ మీద మోపుతోందన్నది మిగతా సగం. దాన్ని ముక్కు బరువు అందాం. ట్రైలర్ రోడ్డు మీద తిన్నగా వస్తుందా, తోక ఊపుతుందా అన్నది ముందుగా దీనితోనే తేలుతుంది.

బరువు యాక్సిల్ వెనక ఎక్కువైతే ముక్కు తేలికవుతుంది. పక్కగాలి తగిలినా, లారీ దాటి వెళ్లినా ట్రైలర్ వెనకభాగం లోలకంలా ఊగడం మొదలుపెడుతుంది. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు దానంతటది తగ్గే గుణం పోతుంది. 60 వేగంలో రెండు ఊపులకే ఆగిపోయేది 90 వేగంలో ఆగకుండా పెరుగుతూ పోతుంది.

యూరప్ పద్ధతిలో మొత్తం బరువులో 7 శాతం దగ్గర చెబుతారు, అమెరికా పద్ధతిలో 10 నుంచి 15. మీలాంటి చిన్న ట్రైలర్‌కి 7 నుంచి 10 శాతం మధ్య పెట్టుకోండి, అంటే 42 నుంచి 60 కిలోలు. టో బార్ ప్లేటు మీదా కారు మాన్యువల్‌లోనూ నిలువు బరువు పరిమితి వేరే రాసి ఉంటుంది. రెండింటిలో తక్కువదాన్ని దాటకూడదు.

కొలవడానికి ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. చదునైన నేల మీద ట్రైలర్ ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టండి. మిషన్ మీద చెక్క దుంగ నిలబెట్టి, దాని మీద కప్లర్ ఆనించండి. బాల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కప్లర్ కూడా అంతే ఎత్తులో ఉండేలా దుంగ కోసుకోవాలి. ముక్కు పైకి లేచి ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది, నమ్మి మోసపోతాం. జాకీ వీల్ గాలిలో ఉండాలి. దుంగ బరువు తీసేయడం మరవద్దు.

ఉప్పల్_టూరర్

చాలా థాంక్సండీ. బైకులు ఎక్కించి అలాగే కొలిస్తే 22 కిలోలే వచ్చింది. కప్లర్ నుంచి యాక్సిల్ దాకా 2.3 మీటర్లు. ముందు పనిముట్ల పెట్టెలో ఇంకో 30 కిలోల ఇసుక బస్తా వేస్తే సరిపోతుందా?

కాటా_లెక్క

ఇసుక వద్దండీ. ఉన్న బరువునే జరపండి. రెండు బైకులు కలిపి 390 కిలోలు. వాటిని పది సెంటీమీటర్లు ముందుకు జరిపితే 390 ని 0.1 తో గుణించి 2.3 తో భాగించండి: ముక్కు మీద 17 కిలోలు పెరుగుతాయి. మీకు 50 కావాలి, 28 తక్కువగా ఉంది. అంటే పదహారు, పదిహేడు సెంటీమీటర్లు ముందుకు. ముందు చక్రం ఆనే చాక్‌ని ఆ మేరకు జరిపి బోల్టులు బిగించి, మళ్లీ కొలవండి.

ఇంకో సంగతి. బాల్ మీద 50 పడితే కారు వెనక యాక్సిల్ మీద 50 మాత్రమే పడదు. బాల్ వెనక యాక్సిల్‌కి 1.1 మీటర్లు వెనక ఉండి, వీల్‌బేస్ (ముందు, వెనక యాక్సిల్‌ల మధ్య దూరం) 2.75 అయితే వెనక 70 పెరుగుతుంది, ముందు 20 తగ్గుతుంది. స్టీరింగ్ తేలిగ్గా అనిపించేది ఇందుకే. డిక్కీలో సామాను, వెనక సీట్లో మనుషులు ఉంటే అదంతా కలుపుకోవాలి. వెనక టైర్లలో ఫుల్ లోడుకి డోరు స్టిక్కర్ మీద రాసిన గాలి పెట్టండి.

కోఠి_వైరింగ్

లైట్ల మాట. ఏడు పిన్నుల సాకెట్ అయితే వరస ఇది: ఒకటి ఎడమ ఇండికేటర్, పసుపు తీగ. రెండు వెనక ఫాగ్ లైటు, నీలం. మూడు ఎర్త్, తెలుపు. నాలుగు కుడి ఇండికేటర్, ఆకుపచ్చ. అయిదు కుడి పార్కింగ్ లైటు, గోధుమ రంగు. ఆరు బ్రేక్ లైటు, ఎరుపు. ఏడు ఎడమ పార్కింగ్ లైటు, నలుపు. లోకల్‌గా కట్టిన ట్రైలర్లలో తీగ రంగులు ఈ వరసలో ఉంటాయన్న నమ్మకం లేదు. టెస్ట్ లైటుతో పిన్ను పిన్నూ చూసుకోవాల్సిందే.

ఎక్కువగా వచ్చే ఫాల్టు ఒకటి చెబుతాను. బ్రేక్ నొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలుగుతుంది, లేదా ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దాంతోపాటు కొట్టుకుంటుంది. బల్బులు మార్చి లాభం లేదు, అది ఎర్త్ లోపం. కరెంటు ఎర్త్‌లోంచి తిరిగి వెళ్లలేక పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటుంది. మూడో పిన్ను చిలుము గీకి, ఎర్త్ తీగని ట్రైలర్ ఫ్రేమ్‌కి పెయింట్ గీసిన చోట రింగ్ టెర్మినల్‌తో బిగించండి. ఎర్త్‌కి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడండి, మిగతావాటికి 1.5 చాలు. కప్లర్, బాల్ గుండా ఎర్త్ వస్తుందిలే అని వదిలేయకండి, మధ్యలో గ్రీజు ఉంటుంది.

కొత్త కార్లలో లైట్లని కంప్యూటర్ చూసుకుంటుంది. టెయిల్ లైటు తీగని కోసి నేరుగా కలిపితే లోడు పెరిగి ఎర్రర్ చూపిస్తుంది, ఒక్కోసారి మాడ్యూలే పోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే లైను తెచ్చి, కారు తీగ సిగ్నల్ మాత్రమే ఇచ్చే బైపాస్ రిలే పెట్టించండి.

మేడ్చల్_హైవే

మంచి విషయాలు చెప్పారు. ట్రైలర్ ఊగితే మాత్రం కాస్త యాక్సిలరేటర్ తొక్కితే లాగుడికి తిన్నగా అయిపోతుందని విన్నాను. నిజమేనా?

ఘాట్_డ్రైవర్

ఆ సలహా ఎవరికీ ఇవ్వకండి భయ్యా. తొక్కిన క్షణం లాగుడు పెరిగి తిన్నగా అయినట్టు అనిపిస్తుంది. కానీ వేగం పెరిగిపోయింది కదా, మళ్లీ కాలు తీయగానే అంతకంటే పెద్ద ఊపు వస్తుంది. చేయాల్సింది ఇదీ: యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి, స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకోవాలి, ఊపుకి ఎదురు తిప్పకూడదు. మనం తిప్పేసరికి ట్రైలర్ అవతలి వైపు పోతూ ఉంటుంది, మన తిప్పుడు దానికి బలమవుతుంది. బ్రేక్ గట్టిగా కొట్టకూడదు. కొడితే వెనకున్న 600 కిలోలు కారుని ముందుకి నెట్టి పక్కకి మడతేస్తాయి. వేగం తగ్గాక పక్కకి ఆపి, బరువు ఎక్కడ జరిగిందో చూడాలి. ఊపు వచ్చిందంటే కారణం ఉంటుంది. అది దొరక్కుండా బయల్దేరకూడదు.

వేగం 60, గట్టిగా అంటే 70. ఔటర్ రింగ్ రోడ్డు మీద కుడివైపు 1, 2 లేన్లలో 120 దాకా పోయే బండ్లుంటాయి, అక్కడ మనకి పని లేదు. ఎడమ లేన్లలో లారీల మధ్యే వెళ్లాలి. లారీ మనల్ని దాటేటప్పుడు దాని ముందుభాగం గాలి తోస్తుంది, దాటిపోయేటప్పుడు లాగుతుంది. ముందే కొంచెం ఎడంగా జరగండి. ముందు బండికి మామూలుగా ఉంచే దూరానికి రెట్టింపు ఉంచండి. ట్రైలర్‌కి బ్రేకుల్లేవు కాబట్టి ఆ 600 కిలోలనీ కారు బ్రేకులే ఆపాలి.

మీ దారిలో అసలు పరీక్ష దోమలపెంట దాటాక డ్యాం వైపు దిగే ఘాట్. పైనుంచే రెండో గేరులో దిగండి, వేగం ఇంజన్ పట్టుకుంటుంది. బ్రేక్ మీద కాలు అలా ఆనించి ఉంచితే లైనింగులు కాలి పట్టు పోతుంది, బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ కూడా మెత్తబడుతుంది. గట్టిగా ఒకసారి నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి, మళ్లీ అవసరమైనప్పుడు నొక్కాలి. మలుపుల్లో ట్రైలర్ చక్రం కారు చక్రం కంటే లోపలికి కోస్తుంది. కొంచెం బయటికి వెళ్లి తిరగండి, ఎదురు బస్సుకి చోటు ఉంచి.

రాణిగంజ్_బేరింగ్స్

ట్రైలర్ దారిలో ఆగిపోయిందంటే ఎక్కువగా బేరింగో టైరో అయి ఉంటుంది. ఎవరూ చూడని చోట్లు ఇవే.

చక్రం జాకీ మీద లేపి పైనా కిందా పట్టుకుని ఊపండి. కొద్దిగా ఆట ఉండొచ్చు, టకటకమంటే వదులు. చేత్తో తిప్పితే గరగర వినిపిస్తే బేరింగ్ పోయింది. కొత్త టేపర్ బేరింగ్ వేసేటప్పుడు హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పి, కొత్త స్ప్లిట్ పిన్ పెట్టాలి. పాత పిన్ వంచి మళ్లీ వాడితే విరుగుతుంది. మరీ బిగించేస్తే బేరింగ్ వేడెక్కి, గ్రీజు కరిగి సీల్ లోంచి కారుతుంది.

వానాకాలం ఇంకో బాధ. రోడ్డు మీద హబ్ వేడెక్కి ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో దిగితే ఒక్కసారి చల్లబడి లోపలి గాలి ముడుచుకుని, సీల్ గుండా నీళ్లు పీల్చుకుంటుంది. తర్వాత డస్ట్ క్యాప్ తీస్తే గ్రీజు పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటుంది. అది కనిపిస్తే పైన కొత్త గ్రీజు రాస్తే చాలదు. బేరింగ్ విప్పి, కిరోసిన్‌లో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, రోలర్ల మధ్యకి అరచేత్తో గ్రీజు ఎక్కించి, సీల్ కొత్తది వేయాలి. బేరింగ్ నంబరు రింగు అంచు మీద చెక్కి ఉంటుంది. అది రాసుకుని రాణిగంజ్ వస్తే దొరుకుతుంది. దారిలో ఒక సెట్టు డిక్కీలో ఉంచుకోండి.

వీల్ నట్లు 50 కిలోమీటర్ల తర్వాత తప్పకుండా మళ్లీ బిగించండి. టీ తాగడానికి ఆగినప్పుడల్లా హబ్‌కి వేలి వెనకభాగం దగ్గరగా పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒకవైపు చురుక్కుమంటే అక్కడే చూసుకోవాలి.

టైరు గీతలు బాగున్నాయని మురిసిపోకండి. ట్రైలర్ ఎక్కువ కాలం కదలకుండా ఉంటుంది కాబట్టి అరగకుండానే రబ్బరు ఎండిపోతుంది. పక్కగోడ మీద నాలుగంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే మార్చడం మేలు. ట్రైలర్‌కి సరిపోయే స్టెప్నీ వేరే ఉండాలి, కారు స్టెప్నీ దానికి పట్టదు.

బాలానగర్_ఫ్యాబ్

సేఫ్టీ చైన్ల గురించి ఎవరు చెప్పలే. రెండు ఉండాలె, ఒక్కోటి ట్రైలర్ పూరా బరువును ఆపేటట్టు. కప్లర్ కింద అడ్డదిడ్డంగ క్రాస్ చేసి తగిలియ్. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. కప్లర్ ఊడితే ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండ ఆ క్రాస్ మీద ఊయల లెక్క ఆగుతది. పొడుగు ఎక్కువైతే మెలిపెట్టి పొట్టి చెయ్యద్దు, మెలికల చైన్ బలం తగ్గుతది. లింకులు తీసి పొట్టి చెయ్. మలుపుల గుంజకుండ, రోడ్డుకు రాకకుండ ఉంటే సరి.

ఉప్పల్_టూరర్

చాక్ 16 సెంటీమీటర్లు జరిపాను, ఇప్పుడు 49 చూపిస్తోంది. బైకులు కట్టడానికి బెల్టులు ఎన్ని? కాగితాలు ఏం కావాలి?

కాటా_లెక్క

బైకుకి నాలుగు రాట్చెట్ బెల్టులు. ముందు రెండూ ఫోర్కు కింది క్లాంప్ దగ్గర పట్టించి, ఫోర్కు ప్రయాణంలో సగం దిగేదాకా బిగించండి. తక్కువ దించితే గుంతలో ఫోర్కు ఇంకా దిగి బెల్టు ఒక్క క్షణం వదులై హుక్కు ఊడొచ్చు, పూర్తిగా దించితే ఫోర్కు సీల్స్ పాడవ్వొచ్చు. హ్యాండిల్ బార్ చివర కట్టొద్దు, తిరిగిపోతుంది. వెనక రెండూ పక్కకి జరగకుండా. సైడ్ స్టాండు పైకి మడిచేయాలి, బైకుని నిలబెట్టాల్సింది బెల్టులే. బెల్టు మీద బ్రేకింగ్ లోడ్ (తెగిపోయే బరువు) కాదు, వర్కింగ్ లోడ్ (వాడుకలో మోయదగ్గ బరువు) చూడండి. సాధారణంగా అది మూడో వంతే ఉంటుంది. బయల్దేరిన పదిహేను కిలోమీటర్లకి ఆగి మళ్లీ బిగించాలి. కొత్త బెల్టు సాగుతుంది.

మేడ్చల్_హైవే

కాగితాల సంగతి నాకు తెలిసినంత. ట్రైలర్‌కి సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. కారు నంబరు వెనక రాసుకుంటే చాలదు. అమ్మినవాళ్ల దగ్గర ఫారం 21 (అమ్మకం సర్టిఫికెట్), ఫారం 22 (రోడ్డుకి పనికొస్తుందన్న సర్టిఫికెట్) తీసుకుని, ఫారం 20తో ఆర్‌టీఏలో దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్సులో కారు పాలసీ షెడ్యూలు చూడండి. ట్రైలర్ విలువకి వేరే గడి ఉంటుంది. అది సున్నా అని ఉంటే ట్రైలర్ కవర్ కాలేదని అర్థం. బయల్దేరకముందే కంపెనీకి రాసి చేర్పించుకోండి.

ఉప్పల్_టూరర్

గడిలో సున్నానే ఉంది, రేపే రాస్తాను. చివరిగా ఒకటి: రివర్స్ ఎలా?

ఘాట్_డ్రైవర్

స్టీరింగ్‌ని అడుగున, గడియారంలో ఆరు ఉండే చోట ఒక చేత్తో పట్టుకోండి. ట్రైలర్ వెనకభాగం ఎటు పోవాలో చెయ్యి అటే జరపండి, బుర్ర వాడక్కర్లేదు. కొద్దికొద్దిగా తిప్పండి. ట్రైలర్ చిన్నదైతే త్వరగా మడత పడుతుంది. కారుకీ ట్రైలర్‌కీ మధ్య మూల బాగా ఇరుకైతే ఇంకా వెనక్కి వెళ్లి సరిచేద్దామనుకోకండి. ఆగి, ముందుకు పోయి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి. వెనక నిలబడే మనిషి మీ సైడ్ అద్దంలో కనిపించే చోటే ఉండాలి. కనిపించకపోతే బండి కదపొద్దు. ముందు ఖాళీ గ్రౌండ్‌లో, బైకులు ఎక్కించకుండా ఒక గంట చేసి చూడండి.