అప్‌డేట్: మా ఇంట్ల సర్వపిండి దొంగ

పోయిన వారం అడిగిన కదా, మా కుక్క టామీగాడు కంచంలకెల్లి తిండి గుంజుకపోతున్నడు, ఎట్ల మాన్పించాలె అని. హన్మకొండల పశువుల డాక్టర్‌కు చూపించిన. ముందుగాల ఏం తిన్నడని అడిగిండు. సర్వపిండి అన్న. అండ్ల ఉల్లిగడ్డ, ఎల్లిపాయ ఉంటయి గదా, అవి కుక్క నెత్తుట్ల ఎర్రకణాలను పగలగొడ్తయట, కాల్చినా వండినా అంతేనట. నీరసం, ఎర్రమూత్రం కొన్ని రోజులకు గాని బయటపడయట. మనోడు బతికిపోయిండు.

మీరు చెప్పినట్టే గిన్నెలు పైన పెడ్తున్నం. ‘వదులు’ అంటే నోట్లది వదిలి, ఉప్పెయ్యని ఉడికిన కోడిముక్క తీసుకుంటున్నడు.

కానీ అసలు దొంగ మా అమ్మ! నిన్న చూస్తే కుర్చీ కిందికెల్లి చెయ్యి పెట్టి జొన్నరొట్టె తునుకలు అందిస్తున్నది. ఆమెను ఎట్ల మాన్పించాలె?