ఉలవచారు చిక్కగా ఉంటుంది కదా, "చారు" అని ఎందుకన్నాం?

ప్రశ్న: చారు అనగానే అన్నంలో గుంట చేసి పోసుకునే పల్చటి చింతపండు చారే గుర్తొస్తుంది. ఉలవచారేమో గరిటకి పట్టుకునేంత చిక్కగా ఉంటుంది. దాన్ని ఉలవపులుసు అనో ఉలవపప్పు అనో అనకుండా చారు అని ఎందుకన్నారు? సంస్కృతంలో చారు అంటే అందమైనది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఒక పెద్దాయన చెప్పారు. నిజమేనా అండీ?

– అలా అయితే చారుదత్తుణ్ణి వంటవాడిగా లెక్కేసుకోవాలి.

– సంస్కృతం సంగతి ముందు తేల్చేద్దాం. చారుదత్తుడు, చారుశీల, చారుమతి పేర్లలో ఉన్నది అందం అనే అర్థమున్న సంస్కృత పదమే. మనం అన్నంలో పోసుకునేది వేరే మాట. దాని పాత రూపం బండి ఱ తో "చాఱు". సంస్కృత పదాల్లో బండి ఱ ఉండదు కాబట్టి పెద్దాయన వాదం అక్కడే ఆగిపోతుంది.

ఈ మాటకి చుట్టాలు పక్కనే ఉన్నారు. కన్నడంలో సారు, తమిళంలో చాఱు. కన్నడిగులు అన్నంలో కలుపుకునేదాన్నే సారు అంటారు. తమిళంలో మాత్రం చాఱు అంటే రసం, పిండితే కారేది. అక్కడ చెరకు రసాన్ని "కరుంబు చాఱు" అంటారు. అంటే పిండినా, ఉడకబెట్టి వార్చినా, ఒక వస్తువులోని పస బయటికి దిగిన ద్రవమే చారు. పల్చగా ఉండాలన్న షరతు ఆ మాటలో ఎక్కడా లేదు. రోజూ పెట్టుకునే చింతపండు చారు, మిరియాల చారు పల్చగా ఉంటాయి గనక ఆ గుణాన్ని మనం మాటకి అంటగట్టేశాం. రసం అన్నా సంస్కృతంలో అదే భావం. చారు వేరు, రసం వేరు అని జరిగే యుద్ధాలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

అలా చూస్తే ఉలవచారుకి ఉన్నంత హక్కు ఆ పేరు మీద ఇంకే చారుకీ లేదు. అది తయారయ్యే పద్ధతి చూడండి. కృష్ణా, గుంటూరు పల్లెల్లో ఎడ్లకు దాణాగా ఉలవలు ఉడకబెట్టేవాళ్ళు. పెద్ద కుండలో నీళ్ళు ఎక్కువ పోసి, కట్టెల పొయ్యి మీద గంటల తరబడి మరిగించేవాళ్ళు. గుగ్గిళ్ళు గొడ్లకి, వార్చిన నీళ్ళు మనుషులకి! ఆ నీళ్ళనే చింతపండు వేసి మళ్ళీ పొయ్యి మీద పెడితే, ఇంకి ఇంకి ముదురు గోధుమరంగుకి తిరిగి చిక్కబడేవి. గింజ లేదు, పస మాత్రమే ఉంది. చారు అంటే అదే కదా.

క్రియ కూడా గమనించండి. పప్పు వండుతాం, చారు పెడతాం, ఉలవచారు మాత్రం ఎక్కువమంది "కాస్తాం" అంటారు, పాలు కాచినట్టు, నెయ్యి కాచినట్టు. అసలు పనంతా ఆ కాగడంలోనే ఉందని ఆ మాటే చెబుతోంది. అందుకే కొన్ని హోటళ్ళలో కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కబరిచి పోసేదాన్ని ఉలవచారు అనడానికి నాకు మనసొప్పదు. గుప్పెడు గుగ్గిళ్ళు రుబ్బి కలిపే ఇళ్ళున్నాయి, వాళ్ళతో పేచీ లేదు, కనీసం ఉలవే కదా.

– మా అనంతపురం వైపు ఉలవకట్టు అంటాం. కట్టు, చారు ఒకటేనా?

– ఒకటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి. పప్పు ఉడికాక పైన తేరిన నీళ్ళు కట్టు. దానికి పులుపు, కారం, పోపు చేరితే చారు. బొబ్బట్లకి శనగపప్పు ఉడకబెట్టి వార్చిన నీళ్ళతో పండగరోజు పెట్టే కట్టుచారు మీకు తెలిసే ఉంటుంది. మరాఠీవాళ్ళు పూరన్‌పోళీ చేసిన రోజు ఇలాంటి నీళ్ళతోనే "కటాచీ ఆమ్టీ" చేసుకుంటారు. ఆ "కట్", మన కట్టు ఒకటే. మీ వైపు తయారైన చారుని కూడా కట్టు అనే అంటున్నారంటే మొదటి దశ పేరే చివరిదాకా నిలిచిందన్నమాట.

– చారెడు కళ్ళు అంటాం, దానికీ దీనికీ సంబంధం ఉందా?

– లేదండీ. అది చేర, అంటే అరచేతి గుంట. చేరెడు, చారెడు రెండూ ఉన్నాయి. అరచేయంత కళ్ళు అని.

– నేను డెహ్రాడూన్‌లో ఉంటాను. ఇక్కడ ఉలవల్ని గహత్ అంటారు. చలికాలం వచ్చిందంటే కొండ ఊళ్ళలో అదే పప్పు. ఒంటికి వేడి అని వీళ్ళూ మనలాగే అంటారు. గింజతో సహా తినేస్తారు, వార్చడం లేదు.

– అందుకే అది దాల్ అయింది, చారు కాలేదు! ఆయుర్వేదంలో కులత్థం అనేది ఈ ఉలవే, దాన్ని ఉష్ణ ద్రవ్యం అనే లెక్కవేశారు.

– చర్చ బాగుంది గానీ, ఆకలేస్తోంది. కట్టెల పొయ్యి లేనివాళ్ళు ఎలా కాయాలో ఎవరైనా చెప్పండి.

– మా అత్తగారి పద్ధతి చెబుతాను. అరకిలో ఉలవలు రాళ్ళు ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. పొద్దున ఆ నీళ్ళు పారబోసి, నాలుగు లీటర్ల మంచినీళ్ళు సిద్ధం చేసుకోండి. కుక్కర్‌లో పట్టినన్ని పోసి, సన్నసెగ మీద గింజ నలిగితే మెత్తగా అయ్యేదాకా ఉడికించండి. చింతపండు ఇప్పుడు వేయకూడదు, పులుపు తగిలితే గింజ గట్టిగా ఉండిపోతుంది. వార్చాక గుగ్గిళ్ళలో మిగిలిన నీళ్ళు పోసి ఇంకోసారి మరగనిచ్చి మళ్ళీ వార్చండి, రెండో నీళ్ళలోనూ పస ఉంటుంది. ఆ మొత్తం అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూత లేకుండా పావువంతుకి దిగేదాకా కాయండి. సగం ఇంకాక పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కారం, చిన్న బెల్లంముక్క. ఉప్పు చివర్లోనే, ముందు వేస్తే ఇంకేకొద్దీ ఉప్పగా అయిపోతుంది. పోపులో ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు. తినేటప్పుడు వేడి అన్నం మీద పచ్చి మీగడ. మీగడ లేకపోతే వెన్న. గుగ్గిళ్ళు పారేయకండి, కొబ్బరి వేసి తాలింపు పెట్టుకుంటే సాయంత్రానికి పనికొస్తాయి.