ఏజెంట్ తప్పు టూల్‌ని పిలుస్తోంది, డిస్క్రిప్షన్‌లో ఏం రాయాలి?

ప్రశ్న:

నమస్కారం అండీ. కస్టమర్ ఫిర్యాదుల టికెట్లు చూసుకోవడానికి ఒక ఏఐ ఏజెంట్ తయారు చేస్తున్నాను. దానికి ఇచ్చినవి మూడే టూల్స్ (అది పిలిచి పని చేయించుకునే ఫంక్షన్లు): సెర్చ్_టికెట్స్, గెట్_టికెట్, అప్‌డేట్_టికెట్. ఏ టూల్ ఏం చేస్తుందో చెప్పే డిస్క్రిప్షన్లు వరసగా "టికెట్లు వెతుకుతుంది", "టికెట్ తెస్తుంది", "టికెట్ మారుస్తుంది". కోడ్ అంతా టెస్ట్ చేశాను, బాగానే ఉంది. కానీ "పోయిన వారం పెండింగ్ ఫిర్యాదులు చూపించు" అంటే ఒక్కోసారి గెట్_టికెట్‌ని పిలిచి, లేని టికెట్ నంబరు తనే పుట్టించి పంపుతోంది. ఒక్కోసారి సెర్చ్‌నే పిలిచి, "పెండింగ్ ఏమీ లేవు, అన్నీ పరిష్కారమయ్యాయి" అని తేల్చేస్తోంది. డేటాబేస్‌లో చూస్తే 14 ఉన్నాయి. ఏజెంట్ వెనకున్న భాషా మోడల్ మార్చినా అదే గోల. సోమవారం డెమో, టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మీ కోడ్ మోడల్‌కి కనపడదండీ. దానికి అందేది టూల్ పేరు, డిస్క్రిప్షన్, ఆర్గ్యుమెంట్ల స్కీమా (టూల్‌కి ఏ విలువలు ఏ రూపంలో పంపాలో చెప్పేది), అంతే. మీ మూడు వాక్యాలూ చదివి "వెతకడానికీ తేవడానికీ తేడా ఏమిటి?" అని నన్ను నేను అడిగి చూశాను. నాకూ తెలియలేదు. ఇక దానికేం తెలుస్తుంది?

"ఏమీ లేవు" అన్నప్పుడు సెర్చ్‌కి ఏం పంపిందో లాగ్‌లో చూసి, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెట్టండి.

అడిగినవారు:

స్టేటస్ "పెండింగ్", మొదలు తేదీ "05/06". మా సిస్టమ్‌లో ఉన్న స్టేటస్‌లు ఓపెన్, హోల్డ్, క్లోజ్‌డ్. స్కీమాలో స్టేటస్‌ని మామూలు స్ట్రింగ్‌గా, అంటే ఏ మాటైనా పట్టేలా, వదిలేశాను.

జవాబు:

దొంగ దొరికాడు. పెండింగ్ అనే స్టేటస్సే లేదు కాబట్టి మీ కోడ్ ఖాళీ జాబితా తిప్పి పంపింది. ఖాళీ జాబితా చూసిన మోడల్ "ఏమీ లేవు" అంది. అందులో దాని తప్పేం లేదు. స్టేటస్‌ని ఎనమ్‌గా (ముందే ఇచ్చిన విలువలు తప్ప వేరేవి ఒప్పుకోని రకం) మార్చి ఆ మూడు విలువలే పెట్టండి. మీ యూజర్లు ఓపెన్ అనరు. "పెండింగ్", "ఇంకా కాలేదు" అంటారు. ఆ మాటలు వస్తే ఓపెన్, హోల్డ్ రెండూ వెతకాలని ఆ ఆర్గ్యుమెంట్ డిస్క్రిప్షన్‌లోనే రాయండి. అంటే స్టేటస్ ఒకటి కాదు, జాబితాగా తీసుకోవాలి. తెలియని విలువ వస్తే కోడ్ కూడా ఖాళీ జాబితా ఇవ్వకుండా "ఈ స్టేటస్ లేదు, ఉన్నవి ఇవి" అని ఎర్రర్ ఇవ్వాలి. అది చదువుకుని మోడల్ మళ్లీ సరిగ్గా పిలిచే అవకాశం ఉంటుంది.

తేదీ మాట. 05/06 అంటే జూన్ 5 అనుకోవచ్చు, మే 6 అనుకోవచ్చు. ఫార్మాట్ 2025-06-05 లాగా ఉండాలని ఉదాహరణతో సహా రాయండి. ఇవాళ ఏ తేదీయో మోడల్‌కి తెలియదు, సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కి ముందుగా మీరిచ్చే సూచనల్లో) ఇవ్వకపోతే "పోయిన వారం" గాల్లో లెక్కే.

సెర్చ్‌కి నేనైతే ఇలా రాస్తాను:

"షరతులకు సరిపోయే టికెట్ల జాబితా ఇస్తుంది. టికెట్ నంబరు తెలియనప్పుడు, లేదా ఒకటి కంటే ఎక్కువ టికెట్లు కావాల్సినప్పుడు వాడాలి. నంబరు తెలిస్తే గెట్_టికెట్ వాడాలి. ఒక్కో టికెట్‌కి నంబరు, శీర్షిక, స్టేటస్, తేదీ మాత్రమే వస్తాయి, కస్టమర్‌తో జరిగిన సంభాషణ రాదు. ఒకసారికి 20 దాకా వస్తాయి, అసలు ఎన్ని ఉన్నాయో 'మొత్తం' అనే ఫీల్డ్‌లో ఉంటుంది."

గెట్_టికెట్‌కి: "ఒక్క టికెట్ పూర్తి వివరాలు, సంభాషణతో సహా. నంబరు యూజర్ ఇచ్చినదో సెర్చ్_టికెట్స్‌లో వచ్చినదో అయి ఉండాలి, ఊహించి ఇవ్వకూడదు."

ఎప్పుడు వాడకూడదో, ఏది రాదో చెప్పే వాక్యాలే చాలామంది వదిలేస్తారు. నా అనుభవంలో ఎక్కువ పని చేసేవి అవే.

మరొకరు:

పై జవాబుతో ఏకీభవిస్తాను గానీ ఒక హెచ్చరిక. ఇది చదివి ప్రతి టూల్‌కీ పేజీలకు పేజీలు రాయకండి. ఈ డిస్క్రిప్షన్లన్నీ ప్రతి రిక్వెస్ట్‌తో పాటు కాంటెక్స్ట్‌లోకి, అంటే మోడల్ చదివే పాఠంలోకి వెళ్తాయి, టోకెన్లు (ఆ పాఠాన్ని కొలిచే ముక్కలు) తింటాయి. మూడు టూల్స్‌కి ఫర్వాలేదు, ముప్ఫై అయితే బరువే. నేను ఒకసారి అదే నియమాన్ని సిస్టమ్ ప్రాంప్ట్‌లో ఒకలా, డిస్క్రిప్షన్‌లో ఇంకోలా రాసి రెండు రోజులు తల పట్టుకున్నాను. ఒక్క చోటే రాయండి.

అడిగినవారు:

అన్నీ మార్చాను. లేని నంబర్లు పుట్టించడం ఆగింది. ఇంకో సందేహం: "ఈ టికెట్ సంగతి చూడు" అంటే ఒకసారి అప్‌డేట్_టికెట్‌ని పిలిచి ఏకంగా క్లోజ్ చేసేసింది! "యూజర్‌ని అడగకుండా మార్చకూడదు" అని డిస్క్రిప్షన్‌లో రాస్తే సరిపోతుందా?

జవాబు:

రాయండి, కానీ దాన్నే నమ్ముకోకండి. డిస్క్రిప్షన్ చెప్పడం వరకే, ఆపలేదు. క్లోజ్ చేసే ముందు యూజర్ "సరే" నొక్కే మెట్టు మీ కోడ్‌లోనే ఉండాలి. 2024 నవంబర్‌లో వచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో (ఏఐ యాప్‌లకి టూల్స్‌ని కలిపే ఉమ్మడి పద్ధతి) టూల్ చదవడానికేనా, మార్పులు చేస్తుందా అని చెప్పే గుర్తులు తర్వాత చేర్చారు. వాటినీ సూచనలనే అన్నారు తప్ప హామీ అనలేదు. నేనైతే అప్‌డేట్‌ని రెండుగా విడగొడతాను: నోట్ రాసే టూల్ ఒకటి, క్లోజ్ చేసే టూల్ ఇంకొకటి. పేరులోనే క్లోజ్ అని ఉంటే పొరపాటున పిలవడం తగ్గుతుంది.

అడిగినవారు:

విడగొట్టాను, క్లోజ్‌కి కన్ఫర్మ్ బటన్ పెట్టాను. ఇప్పుడు అదే ప్రశ్నకి 14కి 13 వస్తున్నాయి. మిగిలిన ఆ ఒక్కటి ఆదివారం నాటిది. వారం ఆదివారంతో మొదలా, సోమవారంతోనా అని మా టీమ్‌లోనే ఇద్దరు ఇంకా వాదించుకుంటున్నారు. అది తేలగానే డిస్క్రిప్షన్‌లో ఆ ఒక్క వాక్యం కూడా చేరుస్తాను.