జాతి పుట్టుకతో వచ్చేదా, తయారుచేసిందా?

తూర్పుగాలి:
జాతీయవాదానికి గట్టిగా 250 ఏళ్ల వయసు కూడా లేదు. అచ్చుయంత్రం, ప్రభుత్వ బడి, సైన్యంలో భర్తీ కలిసి దాన్ని తయారుచేశాయి. 1861లో ఇటలీ ఒక్కటైనప్పుడు ఇటాలియన్ మాట్లాడగలిగినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరని ఒక ప్రసిద్ధ అంచనా. ముందు దేశం వచ్చింది, ఇటాలియన్లు తర్వాత వచ్చారు. చేతులతో కట్టినదాన్ని విప్పేయొచ్చు కదా?

పాతపటం:
మరి అర్మేనియన్ల మాటేమిటి? ఐదో శతాబ్దం మొదట్లోనే మెస్రోప్ మష్తోత్స్ అనే క్రైస్తవ సన్యాసి వాళ్లకు లిపి సమకూర్చాడు. 1375లో చివరి రాజ్యం కూలాక 1918 దాకా సొంత రాజ్యమే లేదు. అయినా లిపి, చర్చి, పేరు నిలిచాయి. అన్నాళ్లూ వాళ్లకు ఏ సర్కారు బడి నేర్పింది?

రేవుగట్టు:
మీరిద్దరూ ఎప్పుడు పుట్టిందన్న దగ్గరే ఆగిపోయారు. (నేషన్‌కీ ఎథ్నిక్ గ్రూప్‌కీ మనం ‘జాతి’ అనే ఒక్క మాటే వాడటం వల్ల సగం గొడవ.) పోలండ్‌ని చూడండి. 1795 నాటికి ప్రష్యా అనే జర్మన్ రాజ్యం, ఆస్ట్రియా, రష్యా దాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి. 1846 ఫిబ్రవరిలో, ఆస్ట్రియా కింద ఉన్న గలీషియాలో పోలిష్ దొరలు దేశం కోసం తిరుగుబాటుకు లేచారు. వాళ్ల రైతులు ఆస్ట్రియా మీదికి పోలేదు. కొడవళ్లు, కర్రలు పట్టుకుని దొరల ఇళ్ల మీదే పడ్డారు. సుమారు 1,000 మందిని చంపారు. అందరిదీ ఒకే భాష, ఒకే మతం. అయినా వెట్టి చేయించుకునే దొర రైతుకు మనవాడు అనిపించలేదు.

ఇక 1901. ప్రష్యా భాగంలోని వ్జెష్న్యా అనే ఊరి బడి. మతపాఠం కూడా జర్మన్‌లోనే చెప్పాలన్నారు. పిల్లలు మొండికేశారు. పంతులు అరచేతుల మీద బెత్తంతో కొట్టాడు. తల్లిదండ్రులు బడి ముందు గుమిగూడి గొడవ చేశారు. వాళ్లలో కొందరికి కోర్టు జైలు వేసింది. వీళ్లు దొరలు కారు, మామూలు జనం.

ప్రాంతాలు వేరు, నిజమే. కానీ ఈ మధ్యలో వెట్టి పోయింది, చదువు వచ్చింది, అమ్మ నేర్పిన ప్రార్థన మీద సర్కారు చెయ్యి పడింది. జర్మన్లుగా మార్చడానికి పెట్టిన బడిలోనే ఆ పిల్లలు పోలిష్‌వాళ్లయ్యారు.

తూర్పుగాలి:
అంటే తయారైందేనని మీరూ ఒప్పుకున్నట్టే!

రేవుగట్టు:
తయారైందే. విప్పేయొచ్చు అన్నదే ఒప్పుకోను. రువాండాలో 1930లలో బెల్జియం పాలకులు గుర్తింపు కార్డుల మీద హుటు, టుట్సి, ట్వా అని మనిషి ఏ తెగవాడో రాయడం మొదలుపెట్టారు. ఆ పేర్లు అంతకుముందూ ఉన్నాయి, కానీ పశుసంపద పెరిగితే హుటు టుట్సి కావడానికి వీలుండేది. 1994లో హుటు ముఠాలు టుట్సీలను రోడ్ల మీద ఆపి, ఆ కార్డు చూసి చంపాయి. తర్వాత కార్డుల మీంచి ఆ మాట తీసేశారు. దాని వల్ల తల్లిని పోగొట్టుకున్న మనిషి మనసులోంచి ఎలా తీస్తారు?

పాతపటం:
అర్మేనియన్లకు 1915 నాటి ఊచకోత కూడా అలాంటిదే, కాదనను. దానికి ముందున్న 1,500 ఏళ్లు మాత్రం మీ లెక్కలో ఇంకా రాలేదు రేవుగట్టు గారూ. దాని సంగతి చెప్పండి.