తీగ మీద రూల్ కావాలి, మాట మీద వద్దా? ఇంటర్నెట్‌లో సర్కారు చెయ్యి ఎక్కడిదాకా ఉండాలి?

కేబుల్_హన్మకొండ

ఇరవై ఏళ్లకు పైగా హన్మకొండలో కేబుల్ లైన్ నడుపుతున్నాను. ఇప్పుడు టీవీ కనెక్షన్ల కంటే ఫైబర్ ఇంటర్నెట్ కనెక్షన్లే ఎక్కువ. మొన్న చాయ్ హోటల్ దగ్గర ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. "నెట్ న్యూట్రాలిటీ కోసం సర్కారు రూల్ పెట్టాలని మీరే అడుగుతారు. యూట్యూబ్ ఛానళ్లకు, పోస్టులకు రూల్ పెడతామంటే మీరే వద్దంటారు. ఇదెక్కడి న్యాయం?" అన్నారు. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులు ఆలోచించాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నెట్ న్యూట్రాలిటీ అంటే నా భాషలో ఇంతే. కస్టమర్ నాకు డబ్బు కట్టాక, ఆ తీగలో ఆయన ఏం చూస్తున్నాడన్నది నాకు అనవసరం. ఒక సైట్ వేగంగా, ఇంకోటి నెమ్మదిగా ఇవ్వకూడదు. ఒకటి ఫ్రీ, ఇంకోటి డబ్బుకు అనకూడదు. ఏదీ ఆపకూడదు.

ఇది ఎందుకు కావాలో నాకు పుస్తకం చదివితే తెలియలేదు. 2014 జూన్‌లో, తెలంగాణ వచ్చిన కొద్ది రోజులకే, టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్లు రాష్ట్రమంతా కేబుల్‌లో ఆగిపోయాయి. మా దగ్గరికి సిగ్నల్ పైనున్న ఎంఎస్ఓ, అంటే మాలాంటి చిన్న ఆపరేటర్లకు ఛానళ్లు పంపే పెద్ద కేబుల్ కంపెనీ, దగ్గర నుంచి వస్తుంది. పైన ఆపితే కింద నేను చేయగలిగింది ఏమీ లేదు. ఈ గొడవకు కారణమైన, తెలంగాణ ఎమ్మెల్యేలను ఎగతాళి చేస్తూ టీవీ9లో వచ్చిన కార్యక్రమం నాకూ కోపం తెప్పించింది, దాచను. కానీ ఇంటింటి నుంచి ఫోన్లు వచ్చాయి. "నీకు నెలనెలా డబ్బులు ఇస్తున్నాం, మా ఛానల్ ఎందుకు తీసేశావ్?" అని. "నాకు తెలియదు" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఒక ఛానల్ అయితే నెలల తరబడి రాలేదు. సర్కారు ఆర్డర్ ఇవ్వలేదన్నారు, ఆపరేటర్లే ఆపారన్నారు. అదే సెప్టెంబర్‌లో మన వరంగల్‌లోనే, కాళోజీ శతజయంతి సభలో, అప్పటి ముఖ్యమంత్రి ఆ ఛానళ్లను తీవ్రంగా హెచ్చరించారు. జీవితమంతా అధికారాన్ని ప్రశ్నించిన మనిషి పుట్టినరోజున!

ఆ పెద్దాయనకు నా జవాబు ఇదీ. తీగ మీద రూల్ నా చేతులు కట్టేస్తుంది. మాట మీద రూల్ కస్టమర్ నోరు కట్టేస్తుంది. రెండూ ఒకటి కావు. మీరేమంటారు?

ఎనుమాముల_రోడ్

అన్నా, 2015లో నేను అవతలి పక్షం. అప్పుడు ఫేస్‌బుక్ వాళ్ల ఫ్రీ బేసిక్స్ గురించి పెద్ద గొడవ. కొన్ని సైట్లు డేటా ఖర్చు లేకుండా చూడొచ్చన్నారు. పత్తి రేటు, వాతావరణం ఫ్రీగా తెలిస్తే రైతుకు మంచిదే కదా అనుకున్నాను. మద్దతు మెయిల్ ఒక్క బటన్ నొక్కితే టెలికాం కంపెనీలకు రూల్స్ పెట్టే ట్రాయ్‌కి పోయేది, నేనూ నొక్కాను. అంతకు ముందే ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ జీరో వచ్చింది, డబ్బు కట్టిన కంపెనీల యాప్‌లు కస్టమర్‌కు డేటా ఖర్చు లేకుండా ఇచ్చే పథకం. అందులో చేరబోయిన ఫ్లిప్‌కార్ట్ జనం తిట్టేసరికి వెనక్కి తగ్గింది. ఆ ఏడాది ట్రాయ్‌కి పది లక్షలకు పైగా మెయిళ్లు పోయాయి.

నా మనసు మారింది ఒకే ఒక్క ప్రశ్నకు. ఆ "కొన్ని సైట్లు" ఎవరు ఎంచుతారు? మార్కెట్‌లో ఒక్క అడ్తిదారు దగ్గరికే బండి ఫ్రీగా తోలుతామంటే రైతు అక్కడికే పోతాడు. రెండో ఏడు రేటు చెప్పేది ఆ అడ్తిదారే.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్, చూసే సైట్‌ను బట్టి వేర్వేరు డేటా రేట్లు పెట్టడాన్ని నిషేధించింది. తప్పితే రోజుకు 50,000 రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షలు జరిమానా. అదే సెప్టెంబర్‌లో జియో వచ్చింది, డేటా రేటు పడిపోయింది. పేదవాడికి సగం ఇంటర్నెట్ చాలన్న వాదన అక్కడితో చచ్చిపోయింది.

నిట్_నెట్‌వర్క్స్

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను ఎదురు చెప్తా. అన్ని ప్యాకెట్లు, అంటే నెట్‌లో పోయే డేటా ముక్కలు, సమానం అనడం వినడానికి బాగుంటుంది. ఏజెన్సీ ఆసుపత్రి నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి డాక్టర్‌కు వీడియో కాల్ పోతుంటే, పక్కింట్లో సినిమా డౌన్‌లోడ్ అవుతుంటే, రెండూ సమానమా? 5జీలో నెట్‌వర్క్‌ను ముక్కలుగా విడదీసి, ముఖ్యమైన పనికి ఒక ముక్క కేటాయించే టెక్నాలజీ ఉంది. గుడ్డిగా సమానం అంటే అది వాడుకోలేం.

ఇంకోటి. డేటా అంతా మోసేది టెలికాం కంపెనీలు, లాభం వీడియో కంపెనీలది. పెద్ద ట్రాఫిక్ పంపేవాళ్లు నెట్‌వర్క్ ఖర్చులో వాటా ఇవ్వాలని టెలికాం కంపెనీలు అడగడంలో తప్పేముంది?

కేబుల్_హన్మకొండ

తమ్ముడూ, మొదటి మాట ఒప్పుకుంటా. 2017 నవంబర్‌లో ట్రాయ్ ఇచ్చిన సిఫార్సుల్లోనే ప్రత్యేక సేవలకు, రద్దీని సర్దడానికి మినహాయింపు ఉంది. 2018 జూలైలో కేంద్రం వాటిని ఒప్పుకుంది. అంబులెన్స్‌కు దారి ఇవ్వొద్దని ఎవరూ అనలేదు. డబ్బున్నవాడి కారుకు అంబులెన్స్ సైరన్ పెట్టొద్దంటున్నాం.

రెండోది మాత్రం ఒప్పుకోను. వీడియో దానంతట అది మా తీగలోకి రాదు. కస్టమర్ అడిగితేనే వస్తుంది, ఆ మోతకు ఆయన నెలనెలా కడుతున్నాడు. ఒకే మోతకు రెండు వైపులా కూలి అడగడం అది. పెద్ద కంపెనీ ఇస్తుంది, దానికి లెక్క లేదు. పరకాలలో ఇద్దరు పిల్లలు కలిసి తెలుగు పాఠాల యాప్ పెడితే వాళ్లు ఎక్కడి నుంచి ఇస్తారు?

టీచర్_మంచిర్యాల

తీగ గురించి మీరు చెప్పింది బాగుంది. మాట గురించి చెప్పింది మాత్రం చాలా తేలికగా చెప్పారు.

2018 మే గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ దగ్గర ఒక మనిషిని కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను చంపారు. మా స్కూల్‌లో తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. ఊళ్లోకి వచ్చిన దుప్పట్లమ్మే అతన్ని మా గేటు ముందే నిలబెట్టి ప్రశ్నలడిగారు. నేను అడ్డం వెళ్లాను కాబట్టి సరిపోయింది. ఆ టెన్షన్ నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

మాటను ఆపేది ఎప్పుడూ సర్కారే అనుకోకండి. మహబూబాబాద్ ప్రాంతంలో పుట్టిన జర్నలిస్టు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో చంపింది రజాకార్ల గుంపు. ఆయన రాసింది నచ్చక. ఇప్పుడు ఆ గుంపు ఫోన్లలో ఉంది. ఆడపిల్లలు ఒక అభిప్రాయం రాస్తే ఫొటోలు మార్చి పెడుతున్నారు. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి అలాగే డిగ్రీ మధ్యలో మానేసింది. 2021 ఐటీ రూల్స్‌లో అలాంటి ఫొటోలు ఫిర్యాదు వచ్చిన 24 గంటల్లో తీసేయాలని పెట్టారు, 2026లో ఆ గడువు ఇంకా తగ్గించారు. ఆ రూల్ ఎవరి నోరు కట్టేసింది సార్? ఆ అమ్మాయి నోరు తెరవడానికి ఉన్నది ఆ రూల్ ఒక్కటే.

సుబేదారి_అడ్వకేట్

మేడమ్ చెప్పిన ఫొటోల రూల్‌ను నేనూ సమర్థిస్తాను. అక్కడ బాధితురాలు ఉంది, ఫిర్యాదు ఉంది, నష్టం కళ్ల ముందుంది. గొడవంతా మిగతా రూల్స్ గురించి.

ఐటీ చట్టం 66ఏ సెక్షన్ చూడండి. "చికాకు కలిగించే" పోస్టు పెడితే మూడేళ్ల జైలు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చికాకు అంటే ఏమిటో చట్టమే చెప్పలేకపోయింది, అందుకే ఎవరికి చికాకు కలిగితే వాళ్ల చేతిలో అది కర్ర అయింది. ప్రభుత్వం గురించి వచ్చిన వార్త అబద్ధమో నిజమో ప్రభుత్వమే తేల్చే ఫ్యాక్ట్ చెక్ యూనిట్‌కు 2023లో రూల్ తెచ్చారు. 2024 సెప్టెంబర్‌లో బాంబే హైకోర్టు దాన్నీ కొట్టేసింది. కక్షిదారే జడ్జి అయితే ఎలా?

మన హైకోర్టు కూడా 2025 సెప్టెంబర్‌లో, సోషల్ మీడియా పోస్టుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, రాజకీయ విమర్శ కనబడగానే యాంత్రికంగా ఎఫ్ఐఆర్ కట్టొద్దని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఇది ఒక పార్టీ సంగతి కాదు. ఈ కేసుల్లో ఇరుక్కున్న వాళ్లు నా దగ్గరికి అన్ని జెండాల నుంచీ వచ్చారు. నిన్న ఫిర్యాదు ఇచ్చినవాడు ఇవాళ ముద్దాయిగా వస్తాడు.

ఇంకా మాట్లాడాల్సింది అదే ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్. దాని కింద కేంద్రం సైట్లు, ఖాతాలు బ్లాక్ చేయిస్తుంది. ఆ బ్లాకింగ్ కోసం తెచ్చిన 2009 రూల్స్‌లో 16వ రూల్ ప్రకారం ఆ ఫిర్యాదులూ చర్యలూ రహస్యం. ఏ కారణంతో నా పోస్టు పోయిందో నాకే తెలియకపోతే ఏ కోర్టులో ఏమని వాదించను?

టీచర్_మంచిర్యాల

కోర్టులో ఏళ్లు పడుతుంది. వీడియో ఊరు తిరగడానికి రాత్రి చాలు. దీనికి జవాబు చెప్పండి.

ఉట్నూరు_పిల్లగాడు

మేడమ్, రాత్రికి రాత్రి ఆపడం ఎట్లుంటదో నేను చెప్తా. 2024 సెప్టెంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లా జైనూర్‌లో అల్లర్లు అయినప్పుడు ఇంటర్నెట్ ఆపారు. ఆదివాసీ ఆడమనిషి మీద జరిగిన దాడితో మొదలైంది అది. మా అక్కది అక్కడే. పుకార్లు తిరిగినయి, నిజమే, ఆపకపోతే ఇంకేమయ్యేదో అని నాకూ భయమే. కానీ నెట్ ఆగితే పుకారు ఆగలేదు, నోటితో పోయింది. ఆగింది ఏమిటంటే, అది అబద్ధం అని చెప్పే మాట. అక్క బాగుందా లేదా అని వాట్సాప్ చేస్తే ఒక్క టిక్కే. కిరాణా కొట్టులో ఫోన్‌పే లేదు, చేతిలో నోటు లేదు. ఒక్కడు తప్పుడు పోస్టు పెడితే మండలం మొత్తానికి శిక్ష.

ఇంటర్నెట్ ఆపే ఆర్డర్లు బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో కశ్మీర్ కేసులో చెప్పిందట, మా సార్ చెప్పిండు. మాకు ఆ కాగితం ఎవరూ చూపలేదు. ఎప్పుడు తిరిగి వస్తదో కూడా ఫోన్‌లో సిగ్నల్ చూసుకుంటూ తెలుసుకోవడమే.

ఎనుమాముల_రోడ్

మేడమ్ అడిగిన దానికి నాకు తెలిసిన ఒక జవాబు. అదే 2018లో గద్వాల జిల్లాలో ఎస్పీ రెమా రాజేశ్వరి నెట్ ఆపలేదు. కానిస్టేబుళ్లను ఊరూరికీ పంపారు, డప్పు కొట్టించి, పాటలు పాడించి వీడియోలు అబద్ధమని చెప్పించారు. అక్కడ ప్రాణం పోలేదు. అదే ఏడు జూలైలో వాట్సాప్ కూడా మన దేశంలో ఒక మెసేజ్ ఒకేసారి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ అయ్యేట్టు చేసింది. ఎవరి మాటా చెరిపేయలేదు, పరుగు మాత్రం తగ్గింది.

నిట్_నెట్‌వర్క్స్

ఈ చివరిది నాకు నచ్చింది. ఏం రాశారో చూడకుండా వేగం ఒక్కటే తగ్గించారు. కానీ గమనించారా, అది చేసింది కంపెనీ. రేపు అదే కంపెనీ ఎన్నికల ముందు ఇంకేదో తగ్గిస్తే? కేబుల్ అన్న చేతులు కట్టేసే రూల్ ఉంది. ఏ వీడియో పైకి రావాలో తేల్చే కంపెనీ చేతులు కట్టే రూల్ ఏదీ? మనం గల్లీ గేటుకు తాళం వేసి, కోట గుమ్మం వదిలేశాం.

అమెరికా సంగతి కూడా చూడండి. అక్కడ 2015లో రూల్ తెచ్చారు, 2017లో తీసేశారు, 2024లో మళ్లీ తెచ్చారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. అధ్యక్షుడు మారినప్పుడల్లా మారే రూల్‌ను నమ్ముకుని ఎవరు బతుకుతారు? మనకు లైసెన్సు షరతుల్లో ఉండటం నయమే, కానీ పార్లమెంటు చట్టంలో సూటిగా రాసి ఉంటే ఇంకా గట్టిగా ఉంటుంది.

కేబుల్_హన్మకొండ

తమ్ముడు అడిగిన కోట గుమ్మం ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అది నా పనికి మించిన సంగతి.

మేడమ్, మీ మాటతో నేను మారింది ఒకటుంది. మాట మీద రూల్ అసలే వద్దు అన్నట్టు రాశాను, అది తప్పు. మీ విద్యార్థిని ఫొటో తీసేయాల్సిందే, 24 గంటలు కూడా ఎక్కువే. కానీ ఆ రూల్‌లో ఫిర్యాదు ఎవరిదో, ఎందుకో తెలుసు. నాకు కావాల్సింది అదే తెలియడం.

టీచర్_మంచిర్యాల

అయితే సూటిగా అడుగుతాను. రేపు మీకు పైనుంచి ఒక లిస్టు వస్తుంది, ఈ సైట్లు ఆపమని. ఆపుతారా, ఆపరా?

కేబుల్_హన్మకొండ

ఆపుతాను. ఆపకపోతే పైవాళ్ల లైసెన్సు, నా బతుకు రెండూ పోతాయి. లైన్‌మెన్ నలుగురు నా మీద ఆధారపడి ఉన్నారు. వీరుడిలా మాట్లాడను.

నేను అడిగేది ఒక్కటే. ఆ సైట్ తెరిచిన మనిషికి, ఎవరు ఆపమన్నారో, ఏ సెక్షన్ కిందో, ఎక్కడ అప్పీలు చేసుకోవాలో తెరమీద కనబడాలి. మూడు లైన్లు చాలు. ఇప్పుడు ఒక్కోసారి పేజీ ఊరికే తిరుగుతూ ఉంటుంది. కస్టమర్ రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాడు, తర్వాత నాకు ఫోన్ చేస్తాడు. మా అబ్బాయి నిచ్చెన వేసుకుని స్తంభం ఎక్కి, జాయింట్ చూసి, ఫైబర్‌లో లైట్ బాగానే ఉందని దిగి వస్తాడు. "మరి ఎందుకు రావట్లేదు?" అని వాళ్లు అడుగుతారు. 2014లో చెప్పిందే మళ్లీ చెప్తున్నాను, నాకు తెలియదని.